పోయిన పిదప వెదకుట

పెండ్లి ఊరేగింపులపై ఎగురుచు బొమ్మలు తీయు డ్రోనును మన విద్యార్థులు చూచియే యున్నారు. అట్టి యంత్రమునకే వికిరణమును కొలుచు పరికరమును కట్టి, తప్పిపోయిన రేడియోధార్మిక వస్తువులను వెదకింపవచ్చును.

అట్టి వస్తువులనుండి వెలువడు గామా కిరణములు కంటికి కానరావు. దూరము రెట్టింపైనచో వాని తీవ్రత నాలుగవ వంతునకు తగ్గును. కావున దగ్గరకు పోయిననే చక్కగా కనిపెట్టగలము. కాని పోయిన మనుష్యునకు ముప్పు. డ్రోను ఈ చిక్కును చాలవరకు తీర్చినది. తక్కువ ఎత్తున, నాగటి చాళ్లవలె వరుసగా ఎగురుచు, ఏ చోట కిరణములు హెచ్చుగా నున్నవో తెలుపును. 2011 లో జపానునందు ఫుకుషిమా ప్రమాదము జరిగిన పిదప, మనుష్యులు లేని హెలికాప్టర్లు ఇట్టి పనియే చేసినవి. మెచ్చదగినదే.

అయినను డ్రోను ఉన్నదిగదా యని నిశ్చింతగా నుండరాదని మా అభిప్రాయము. వెదకవలెనన్న, వస్తువు పోయినదని ముందుగా తెలియవలెను. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో 8 మిల్లీమీటర్ల సీసియం గుళిక యొకటి లారీనుండి జారిపోయినట్లు తెలిసినది. 1400 కిలోమీటర్ల దారిలో, బండికి కట్టిన పరికరముతో వెదకి, ఫిబ్రవరి 1న పట్టుకొనిరి. 2010 లో ఢిల్లీలోని మాయాపురిలో అట్లు జరుగలేదు. ఒక విశ్వవిద్యాలయమున వాడక మూలబడిన యంత్రమును వేలము వేసిరి. లోపల కోబాల్టు-60 ఉన్నదని పాత ఇనుము కొట్లవారెరుగరు. విప్పినవారు జబ్బుపడిరి, ఒకరు మరణించిరి. ఆ జబ్బు చూచిన పిదపనే వెదకుట మొదలైనది.

కావున ఇట్టి వస్తువులు గలవారు ప్రతి దానికిని లెక్క ఉంచి, పని తీరిన వెంటనే సురక్షితముగా అప్పగింపవలెను. ఇది వారి విధి. మనకును ఒకటి గలదు. పసుపుపచ్చని పలకపై మూడు రెక్కలు, నడుమ చుక్క గల గుర్తును ఎరిగియుండవలెను. గుర్తు చెరిగిపోయియుండవచ్చును గనుక, బరువైన సీసపు పెట్టెగాని, ఏమిటో తెలియని లోహపు గుళికగాని కనబడినచో ముట్టక, దూరముగా తొలగి, పోలీసులకు తెలుపవలెను.

పాత ఇనుము కొట్లలో పని చేయు తండ్రులు మన బడి పిల్లలలో కొందరికి గలరు. ఇచ్చటి బోర్డులపై వ్రాత మన యిండ్లలోని పెద్దలందరకును చదువరాదు. ఈ గుర్తునకు ఏ లిపియు నక్కరలేదు. విద్యార్థులారా! నేటి రాత్రియే దానిని పలకపై గీచి మీ తండ్రులకు చూపుడు.