రక్తం ఎక్కించే తేదీ తప్పకూడదు

తొలకరి పడగానే విత్తనాలు, ఎరువులు, కూలీల కోసం పరుగులు పెడతాం. సరిగ్గా ఆ వారంలోనే తలసేమియా ఉన్న బిడ్డకు రక్తం ఎక్కించే తేదీ వస్తే ఆ ఇంట్లో ఏం చేయాలి? విత్తడం ఆపితే అదను పోతుంది. రక్తం ఆపితే బిడ్డ నీరసించిపోతుంది.

తలసేమియా మేజర్ ఉన్న పిల్లల ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారు కాదు. రెండు నుంచి ఐదు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో వచ్చే ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా రోజూ మందులు వాడాలి. మూడు వారాలకోసారి అనుకున్నా ఏడాదికి 17 సార్లు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రయాణం, రక్తం కోసం ఎదురుచూపు కలిపి ప్రతిసారీ రెండు రోజులు పోతే అది 34 రోజులు. ఆ రోజుల్లో చేను పనీ ఆగుతుంది, కూలి డబ్బులూ రావు. కౌలు రైతుకు కౌలు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు.

తేదీ తప్పిన తల్లిదండ్రులను నిర్లక్ష్యమని కసురుకోవడం తేలిక. మేం దాన్ని ఒప్పుకోం. చికిత్స ఉచితమైనా బస్సు ఛార్జీ, పోయిన పనిరోజు ఉచితం కావు.

2016 వికలాంగుల హక్కుల చట్టం తలసేమియాను, సికిల్ సెల్‌ను, హీమోఫీలియాను వైకల్యాలుగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో తలసేమియా బాధితులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అది పెద్ద ఆసరాయే. కానీ పింఛను డబ్బు ఆసుపత్రిని ఊరి దగ్గరకు తీసుకురాదు. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం: ప్రతి ఏరియా ఆసుపత్రిలో రక్తం నిల్వ, ఎక్కించడానికి పడకలు, ఇనుము తగ్గించే మందులు ఉండాలి. బదులు రక్తం తెమ్మని ఈ కుటుంబాలను తిప్పకూడదు. బిడ్డతో పాటు తోడు వెళ్లేవారికీ బస్సు ప్రయాణం ఉచితం చేయాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. వేసవిలో రక్తానికి కొరత వస్తుంది. 18 ఏళ్లు నిండిన ఆరోగ్యవంతులైన మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వవచ్చు. ప్రతి గ్రామ కమిటీ దాతల జాబితా రాసి పెట్టుకోవాలి. ఆసుపత్రికి వెళ్లిన ఇంటివారి చేలో ఆ రెండు రోజులూ మనమే పని అందుకోవాలి. ఒకరి చేలో ఒకరు బదులు పని చేసుకోవడం మనకు కొత్త కాదు.

ఇంకో మాట. తల్లీ తండ్రీ ఇద్దరూ తలసేమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు, రక్తపరీక్షతోనే తెలుస్తుంది. పెళ్లికి ముందు, ముఖ్యంగా మేనరికాల్లో, ఆ పరీక్ష చేయిద్దాం. విత్తే ముందు విత్తనాన్ని పరీక్షించుకునే వాళ్లం, ఇది మనకు చెప్పించుకోవలసిన మాట కాదు.