మెషీన్ చెప్పిందే ఫైనలా?

వీకెండ్ రాత్రి చెకింగ్‌లో పైపు ఊదితే స్క్రీన్ మీద ఒక నంబర్ వస్తుంది. 30 దాటితే కేసు. మొదటిసారికే 10,000 రూపాయల ఫైన్, లేదంటే ఆరు నెలల దాకా జైలు, కాదంటే రెండూ. ఇంతకీ ఆ నంబర్ ఇచ్చేదెవరు? ఓ చిన్న సెన్సార్, దాని వెనకున్న కోడ్. కోడ్ రాసి బతికేవాణ్ని కాబట్టి నా డౌటంతా ఆ రెండోదాని మీదే.

మనవాళ్లు బోలెడంతమంది ఉండే న్యూజెర్సీలో ఇదే డౌట్ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 'స్టేట్ వర్సెస్ చున్' కేసు. ఆల్కోటెస్ట్ అనే మెషీన్ సోర్స్ కోడ్‌ను నిపుణులతో పరీక్ష చేయించారు. ఏం దొరికిందో తెలుసా? బఫర్ ఓవర్‌ఫ్లో! మూడోసారి ఊదించాల్సి వస్తే, ఆ రీడింగ్‌ని లెక్కలోకి సరిగా తీసుకోని బగ్. 60 దాటిన ఆడవాళ్లలో కొందరు 1.5 లీటర్ల గాలి ఊదలేరని కూడా తేలింది. వాళ్లకి 1.2 లీటర్లు చాలంది కోర్టు. మెషీన్ మొత్తమ్మీద నమ్మదగ్గదే, కానీ లోపాలు దిద్దాలి అని 2008లో తీర్పిచ్చింది.

ఇక సైన్స్ సంగతి. మెషీన్ చూసేది రక్తాన్ని కాదు, ఊపిరిని. ఊపిరిలో కన్నా రక్తంలో ఆల్కహాల్ 2100 రెట్లు ఉంటుందనుకుని లెక్క కడుతుంది. ఆ లెక్క మనిషి మనిషికీ మారుతుంది. మీది 1800 అయితే, స్క్రీన్ మీద 32 కనిపించినా రక్తంలో ఉన్నది 27 చిల్లరే. 2400 అయితే 36 దాటుతుంది. అంటే ఈ తేడా తాగినవాడికీ కలిసిరావచ్చు! ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించి వెంటనే ఊదినా నంబర్ ఎగబాకుతుంది. ఓ 15 నిమిషాలు ఆగితే ఆ ప్రభావం పోతుంది.

అలాగని ఊదనని మొండికెయ్యకండి. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే, సెక్షన్ 205 ప్రకారం అదే మీకు వ్యతిరేకంగా పనికొస్తుంది. కాసేపాగి ఇంకోసారి ఊదుతానని మర్యాదగా అడగండి. రక్తపరీక్షకు చట్టంలో సెక్షన్ 204 ఉంది, గుర్తుపెట్టుకోండి. మెషీన్‌ని చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారో మీ లాయర్‌తో అడిగించండి.

మా దగ్గర యాప్‌లో ఒక బటన్ రంగు మార్చినా ఇంకొకరు కోడ్ రివ్యూ చెయ్యాల్సిందే. మనిషిని జైలుకి పంపే నంబర్‌కి ఆ మాత్రం రివ్యూ వద్దా?

ఒక్కమాట. ఇదంతా 30కి అటూ ఇటూ ఉన్నవాళ్ల గొడవ. ఫుల్లుగా తాగి బండెక్కేవాణ్ని ఏ బగ్గూ కాపాడదు. వాడికి క్యాబే దిక్కు.