ఇంటి దొంగ

"ఏ యాంటీవైరస్ కొంటే మంచిది?" కొత్తగా కంప్యూటర్ తెచ్చుకున్న ప్రతి విద్యార్థీ వేసే మొదటి ప్రశ్న ఇది. కొనకపోయినా ఫరవాలేదని నా అభిప్రాయం. విండోస్ 11తో పాటే డిఫెండర్ అనే కాపలాదారు ఉచితంగా వస్తున్నాడు. ఇంటి వాడకానికీ, ఆటలకూ అతను చాలు. పైన ఇంకో రెండు పెడితే రక్షణ పెరగదు సరికదా, అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుని ఆట నత్తనడక నడుస్తుంది.

2017 మేలో వనాక్రై ప్రపంచాన్ని వణికించింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు సైతం కొన్ని చిక్కుకున్నాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది! వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

అసలు సంగతి వేరే ఉంది. ఖరీదైన ఆటకు దొంగ కాపీ దొరుకుతుంది. "ముందు యాంటీవైరస్ ఆపండి" అని దాంతోనే సూచన. మనవాడు కిక్కురుమనకుండా ఆపేస్తాడు! అదే కంప్యూటర్లో నాన్నగారి బ్యాంకు లావాదేవీలు, అక్కయ్య ప్రాజెక్టు రిపోర్టు ఉన్నాయన్న ధ్యాసే ఉండదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. పాపం, డిఫెండర్ ఎంత?

కనుక మిత్రులారా, ఆ డబ్బుతో ఒక బయటి హార్డ్ డిస్కు కొనండి. ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసి, డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి. అప్‌డేట్లు వాయిదా వేయకండి. ఉచితంగా ఆడుకోనిచ్చే మంచి ఆటలు బోలెడున్నాయి. దొంగ సొత్తు మనకెందుకు?