బావి పోయిందని ఫిర్యాదు

‘మా బావి దొంగతనానికి గురైంది’ అని పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేస్తే ఎవరైనా నవ్వుతారు. 2010లో విడుదలైన శ్యామ్ బెనెగల్ చిత్రం ‘వెల్ డన్ అబ్బా’లో ఆ ఫిర్యాదే అధికారులకు ముచ్చెమటలు పట్టిస్తుంది. ముంబయిలో డ్రైవరుగా పనిచేసే అర్మాన్ అలీ సెలవు మీద హైదరాబాదు సమీపంలోని స్వగ్రామానికి వచ్చి, సర్కారు ఇచ్చే ఉచిత బావికి దరఖాస్తు పెడతాడు. బల్లబల్లకూ సమర్పించుకోగా వచ్చిన సొమ్ము హరించుకుపోతుంది. నేలలో గుంట పడదు, కాగితం మీద మాత్రం బావి పూర్తవుతుంది. ఈ చిత్రానికి ఆధారమైన కథల్లో ఒకటి మన నగరపు ఉర్దూ రచయిత్రి జీలానీ బానోది.

అక్కడ లేని బావి కాగితం మీద ఉంది. మన గౌలిపుర గల్లీలలో ఉన్న మనిషే కాగితం మీద లేడు. రేషన్ కార్డులో ‘మహమ్మద్’, స్కూలు టీసీలో ‘ఎం.డి.’, ఆధార్‌లో ‘మొహమ్మద్’. కంప్యూటర్‌కు వీరు ముగ్గురు మనుషులు. ఒక్కరేనని రుజువు చేయడానికి నోటరీ, అఫిడవిట్, మళ్ళీ క్యూ! ఈ పాపంలో మాకూ వంతుంది. కొలువులో ఉన్న రోజుల్లో గడి చాలదని పేరును రెండక్షరాలకు కుదించిన గుమాస్తాలలో మేమూ ఒకరం. మేము ఆ సంగతి అప్పుడే మరిచిపోయాము. నాడు పేరు రాయించుకున్నవారి మనుమలు నేడు స్కాలర్‌షిప్ కోసం తిరుగుతున్నారు.

ఇకముందు ఇది మరింత బరువవుతుంది. 2023 చట్ట సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడిలో ప్రవేశం, ఓటరు జాబితా, పాస్‌పోర్టు వంటివాటికి పుట్టిన తేదీ, స్థలాలకు జనన ధ్రువపత్రమే ఆధారం. అఖీఖా నాడు పేరు పెట్టి, దానిని ధ్రువపత్రంలో చేర్పించడం మరిచే కుటుంబాలు మనలో తక్కువ కాదు. పేరు లేకుండా నమోదైన జననానికి తరువాత పేరు చేర్చే వీలు చట్టంలోనే ఉంది. ఒక్క అర్జీతో అన్ని రికార్డులలో పేరు సరిచేసే ఏర్పాటును ప్రభుత్వం చేయాలి. మనిషిని నాలుగు కార్యాలయాలకు తిప్పడం పరిపాలన కాదు.

అర్జీ కదలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర కార్యాలయాలలో రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. మస్జిద్ కమిటీలు జుమా నమాజు తరువాత ఒక బల్ల వేయిస్తే, అర్జీలు రాసిపెట్టడానికి మావంటి విశ్రాంత గుమాస్తాలు బస్తీకి నలుగురైనా దొరుకుతారు. వచ్చేవారు పాత రేషన్ కార్డు, టీసీ, ఆధార్ మూడూ వెంట తెచ్చుకోవాలి. కార్యాలయంలో అర్జీ ఇచ్చాక, నకలు మీద స్వీకరణ ముద్ర వేయించుకోనిదే కౌంటరు వదలవద్దు.