రాక్షస గుళ్ళ తాళంచెవి ఎవరి దగ్గర?

హష్మత్‌పేట, మౌలాలి మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోవే. రెండు చోట్లా ఇనుప యుగం నాటి సమాధులున్నాయి. గుండ్రంగా పెద్ద రాళ్ళు పేర్చి, చనిపోయినవాళ్ళ పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవారు. జనం వీటిని రాక్షస గుళ్ళంటారు. నిజాం కాలంలోనే పండితులు తవ్వి చూశారు. ఇప్పుడు హష్మత్‌పేట సమాధుల చుట్టూ ఇళ్ళు కమ్ముకొచ్చాయి.

మేడ్చల్, శామీర్‌పేటల్లో పొలాలు ప్లాట్లవుతున్నాయి. చదును చేసే యంత్రానికి సమాధి రాయీ గట్టు రాయీ ఒకటే. ఏ రాయికి పసుపు కుంకుమ పెట్టేవారో అక్కడ కలుపు తీసిన ఆడవాళ్ళకి తెలుసు. వాళ్ళనడిగేదెవరు? తవ్వకాల్లో గంపలతో మట్టి మోసేటప్పుడు మాత్రం వాళ్ళు గుర్తొస్తారు, కూలీలుగా.

ఆస్ట్రేలియాలో ముంగో సరస్సు దగ్గర 1968లో ఒక స్త్రీ అస్థికలు దొరికాయి. దాదాపు 40 వేల ఏళ్ళనాటివి. ఆదివాసులనడక్కుండానే కాన్‌బెర్రాకి తరలించారు. ముత్తి ముత్తి తెగకు చెందిన ఆలిస్ కెల్లీ వంటి పెద్ద వయసు స్త్రీలు పట్టుబట్టగా 1992లో తిరిగిచ్చారు. ఆ అస్థికలుంచిన పెట్టెకి రెండు తాళాలుండేవి. ఒక తాళంచెవి శాస్త్రజ్ఞుల దగ్గర, మరొకటి ఆదివాసుల దగ్గర ఉండేవి. ఈ ఏర్పాటు నాకెంతో నచ్చింది. (2022లో మళ్ళీ పాతిపెట్టినప్పుడు ఆదివాసుల్లోనే అభిప్రాయభేదాలొచ్చాయి. రానీండి, మాట్లాడుకునే హక్కు వాళ్ళదే కదా!)

మన దగ్గరా తవ్వే ముందు గ్రామసభలోనో వార్డు సభలోనో చెప్పాలి. ఆడవాళ్ళు పనికి పోని వేళ చూసి, తెలుగులో చెప్పాలి. మట్టి మోసినవాళ్ళకి సమాన కూలి ఇవ్వాలి, నివేదికలో వాళ్ళ పేర్లు రాయాలి. శామీర్‌పేట వైపు పనిచేసే మిత్రులారా, ఈసారి సంఘం సమావేశంలో ముసలమ్మలని రాళ్ళ సంగతి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి.