గానుగ కాలమూ, సెమిస్టరు కాలమూ

విద్యాసంవత్సరం ముగింపుకు వచ్చేసరికి ప్రతి శాఖా తన వార్షిక నివేదిక తయారు చేసుకుంటుంది. ఎన్ని పాఠాలు చెప్పాం, ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయినాయి, ఎన్ని సదస్సులు జరిపాం, ఎంతమంది ఉత్తీర్ణులైనారు అనేవన్నీ అంకెల్లో వస్తాయి. ఆ చివర 'విస్తరణ కార్యక్రమాలు' అని ఒక చిన్న పేరా ఉంటుంది. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం జరిపామనీ, దగ్గర్లోని ఒక బడికి వెళ్ళి పిల్లలకు రంగులు మారే ప్రయోగాలు చూపామనీ అందులో రాసి ఉంటుంది. ఏ ఊరి విశ్వవిద్యాలయం నివేదిక తీసినా ఇదే వరస. ఊరి పేరు కొట్టేస్తే అది నిజామాబాదుదో నెల్లూరుదో ఎవరూ చెప్పలేరు.

ఆ చిన్న పేరా పెద్దది కావాలన్నదే నా వాదన. పెద్దది కావడమంటే కార్యక్రమాల సంఖ్య పెంచడమని నా ఉద్దేశం కాదు. బోధన, పరిశోధన, విస్తరణ అనేవి మూడు వేరు వేరు పద్దులు కావనీ, ఒకే పనికి మూడు ముఖాలనీ మనం ఒప్పుకోవాలి. ఈ మాట ఎక్కడైనా చెప్పవచ్చు గాని, మన జిల్లాలో చెప్పడానికి ప్రత్యేక కారణం ఉంది.

మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్ళు ఈ ప్రాంతానికి చెరకును తెచ్చాయి. ఆ చెరకు 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీని తెచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరే స్థిరపడింది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా దానికి పేరుండేది. మనం గుర్తుంచుకోని సంగతి ఇంకొకటుంది. ఈ ప్రాంతానికి ఆధునిక రసాయనశాస్త్రం మొదట వచ్చింది కళాశాల ద్వారా కాదు, ఆ ఫ్యాక్టరీ ద్వారా. నిజామాబాదులో గిరిరాజ్ కళాశాల వెలసింది 1956లో. తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడింది 2006లో. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే శక్కర్‌నగర్‌లో రసానికి సున్నం పాలు కలిపి, గంధకం పొగ పట్టించి, మడ్డిని తేర్చి, శూన్యపు పాన్లలో పాకం కాచి, గింజ కట్టించే పని రాత్రింబవళ్ళు షిఫ్టుల లెక్కన జరుగుతూ వచ్చింది. పాకం గింజ కట్టే అదను చూసి చెప్పే పాన్‌మన్‌కు డిగ్రీ ఉండకపోవచ్చు గాని, అతిసంతృప్త ద్రావణం అంటే ఏమిటో అతని వేళ్ళకు తెలుసు.

ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. మళ్ళీ తెరిపించే మార్గం చూడటానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. ఆ రాజకీయాలు ఇక్కడ ఎత్తుకోను. నా ప్రశ్న వేరు. అన్నేళ్ళు మన పక్కనే అంత పెద్ద రసాయనశాల నడిచినా, అది మన పాఠంలోకి ఎందుకు రాలేదు? అది మూతపడ్డాకైనా ఆ జ్ఞానాన్ని ఎవరు భద్రపరచాలి?

క్యాలెండరు చూడండి. చెరకు గానుగ ఆడే కాలం సుమారు నవంబరు నుండి మార్చి దాకా. మన ప్రయోగశాలలు నిండుగా నడిచేదీ ఆ నెలల్లోనే. అంటే చెరకు బండ్లు రోడ్డు మీద పోతున్నప్పుడే మన విద్యార్థులు బ్యూరెట్లు పట్టుకొని నిలబడి ఉంటారు. రెండు కాలాలూ ఒకటే అయినా, ఆ రెండూ ఒకదానినొకటి పలకరించుకున్న పాపాన పోలేదు.

కొన్నేళ్ళ క్రితం బోధన్ వైపు ఒక పల్లెలో, వరసకు పెదనాయన అయ్యే ఒక రైతు నన్ను నిలబెట్టి అడిగాడు.

"బిడ్డా, నువ్వు రసాయనాలు చదువుకున్నోనివి గదా. గీ రికవరీ అంటే ఏందో జర సమజయ్యేటట్టు చెప్పు. కాంటా అయితే నా కండ్లతోటి చూస్త. గిదేమో కండ్లకు కనవడది."

"వంద కిలోల చెరుకు ఆడిస్తే ఎన్ని కిలోల చక్కెర చేతికొచ్చిందో అదే రికవరీ, పెదనాయనా" అన్నాను.

"మరి నా చెరుకు తియ్యగున్నదా, లేదా అన్నది ఎవలు చూసిండ్రు?"

ఎవరూ చూడలేదు. ఎందుకంటే రికవరీ అనేది ఒక్కొక్క రైతుకు కట్టే లెక్క కాదు, ఫ్యాక్టరీ మొత్తానికి సరాసరి. అయినా రైతు ధర దాని మీదనే ఆధారపడి ఉంది. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ధర, రికవరీ 10.25 శాతం ఉంటే క్వింటాలుకు 355 రూపాయలు. ఆ పైన ప్రతి 0.1 శాతానికీ 3 రూపాయల 46 పైసలు అదనం. రికవరీ తగ్గితే ధర అదే లెక్కన తగ్గుతుంది; 9.5 శాతం కన్నా దిగినా 329 రూపాయల 5 పైసల కంటే తక్కువ ఇవ్వరాదు. లెక్క వేసుకుందాం. ఎకరానికి 30 టన్నులు పండిందనుకుంటే, ఫ్యాక్టరీ సరాసరి 10.25 మీద అర శాతం పెరిగితే ఎకరానికి 5,190 రూపాయలు ఎక్కువ వస్తాయి. ఒక దశాంశ స్థానం విలువ అది. మన విద్యార్థి రికార్డు బుక్కులో 'ప్రయోగ దోషం' అని రాసి వదిలేసే తేడా రైతు ఇంట్లో పిల్లల ఫీజు అవుతుంది.

ఇప్పుడు మన ప్రయోగశాలకు వద్దాం. భౌతిక రసాయనశాస్త్రంలో చక్కెర విలోమనం అనే పాత ప్రయోగం ఒకటి ఉంది. చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, పోలారీమీటరులో పెట్టి, కాంతి తలం ఎంత కోణం తిరిగిందో కొన్ని నిమిషాలకొకసారి చూస్తారు. సుక్రోజు కాంతిని కుడివైపు తిప్పుతుంది. దాని విశిష్ట భ్రమణం 66.5 డిగ్రీలు. అది నీటితో చర్య పొంది గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయిన కొద్దీ కోణం తగ్గి, సున్నా దాటి, ఎడమవైపుకు పోతుంది. ఇది మిథ్యా ప్రథమ క్రమాంక చర్య అని రాసి, గ్రాఫు గీసి, రేటు స్థిరాంకం కట్టి, మార్కులు తెచ్చుకుంటారు. 1850లో విల్హెల్మీ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఈ చర్య వేగాన్నే కొలిచాడు. రసాయన చర్యల వేగాన్ని కొలిచే శాస్త్రమంతా అక్కడ మొదలైందని పుస్తకాలు చెబుతాయి.

ఇదే చర్య నరికి పడేసిన చెరకు గడలోనూ జరుగుతుంది. అక్కడ ఆమ్లం బదులు ఇన్వర్టేజు అనే ఎంజైము ఆ పని చేస్తుంది. తోడుగా సూక్ష్మజీవులు చేరుతాయి. కటింగ్ ఆర్డరు ఆలస్యమైనా, లారీ దొరకకపోయినా, ఫ్యాక్టరీ గేటు ముందు వరుస కదలకపోయినా, గడలో సుక్రోజు విరిగిపోతూనే ఉంటుంది. విరిగిన చక్కెర గింజ కట్టదు, మడ్డిలోకి పోతుంది. కొట్టిన 24 గంటల లోపల గానుగాడటం మేలని చెప్పేది అందుకే. పక్క ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీ మూతపడి చెరకు దూరానికి పోవలసి వచ్చినప్పుడు, పెరిగేది కిరాయి మాత్రమే కాదు, చర్య జరగడానికి దొరికే సమయం కూడా. బల్ల మీద మన విద్యార్థి గీసిన గ్రాఫే రోడ్డు మీద రైతు నష్టం. కాని ఈ రెండూ ఒకటేనని మన సిలబసులో ఏ పుటా చెప్పదు.

ఇంకొక చిన్న సంగతి. పొలంలో రసం చుక్క వేసి చూసే చేతి రిఫ్రాక్టోమీటరు చూపేది బ్రిక్స్. అంటే రసంలో కరిగిన ఘనపదార్థాల మొత్తం. అందులో సుక్రోజు ఎంతో అది చెప్పదు. సుక్రోజు సంగతి చెప్పేది పోలారీమీటరు. ఎండలో ఆరిన చెరకులో నీరు తగ్గి బ్రిక్స్ పెరిగినట్టు కనబడుతుంది. అదే సమయంలో సుక్రోజు తగ్గిపోతూ ఉంటుంది. బ్రిక్స్ చూసి మురిసిపోయిన వాడు మోసపోతాడు. ఈ తేడాను చెప్పడానికి పెద్ద పరికరాలు అక్కర లేదు, ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరం విద్యార్థి చాలు. తన బల్ల మీద ఉన్న పరికరంతో, తన ఊరి చెరకుతో, తన మాటల్లో చెప్పగలడు.

'తన మాటల్లో' అన్నాను. ఇక్కడే బోధన భాష సంగతి వస్తుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు రసాయనశాస్త్రం సహా అన్ని శాస్త్రాలూ ఉర్దూలో బోధించారు. అందుకోసం ముందుగా 1917లోనే అనువాద శాఖను ఏర్పరిచారు. ఆ భాష మెజారిటీ ప్రజల భాష కాదన్న విమర్శ న్యాయమైనదే. కాని దేశభాషలో ఉన్నత విజ్ఞానం చెప్పవచ్చునన్న నిరూపణ మాత్రం మన గడ్డ మీదే జరిగింది. తరువాత 1968లో తెలుగు అకాడమీ పుట్టి, డిగ్రీ స్థాయి దాకా తెలుగులో రసాయనశాస్త్ర పుస్తకాలు తెచ్చింది. ఈనాడు పి.జి. తరగతులు ఇంగ్లీషులో నడవటం తప్పని నేననను. పరిశోధనకు ఆ భాష కావాలి. కాని ఆ పాఠాన్ని ఇంటికి పోయి బాపుకు తెలుగులో చెప్పలేని విద్యార్థికి పాఠం సగమే వచ్చినట్టు. అర్థమైందా లేదా అన్నదానికి అంతకంటె మంచి పరీక్ష లేదు.

ఇక పరిశోధన. మన శాఖల్లో ఎక్కువగా జరిగేది కొత్త అణువులను తయారు చేయడం, వాటికి సూక్ష్మజీవులను అణచే గుణం ఉందేమో చూడటం. దానికి కారణమూ ఉంది. మన పిల్లల ఉద్యోగాలు జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారంలోని మందుల కంపెనీల్లో ఉన్నాయి. ఆ దారిని తక్కువ చేసి మాట్లాడటం అన్నం పెట్టే చేతిని కాదనడమే. అయితే 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో పదుల మంది కార్మికులు చనిపోయారు. అక్కడికి పంపే పిల్లలకు భద్రత అనే పాఠాన్ని మొదటి రోజు ఒక్క గంట చెప్పి ముగించే హక్కు మాత్రం ఏ అధ్యాపకునికీ లేదు.

'రసాయనశాస్త్ర శాఖ వ్యవసాయ శాఖ కాదు గదా, చెరకుకు రుద్రూరులో పరిశోధన కేంద్రం ఉంది గదా' అని కొందరు మిత్రులు అంటారు. నిజమే. ఏ రకం నాటాలి, ఎప్పుడు నీరు పెట్టాలి అనేవి వాళ్ళు చెప్పాలి. కాని కొలత మన విద్య. కొలత అంటే ఏమిటో, దాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పడం మన ధర్మం. మౌలిక పరిశోధన విలువైనదనీ ఒప్పుకుంటాను. విల్హెల్మీ రైతు కోసం పని చేయలేదు. అయినా ఆయన చూసిన చర్య ఈనాడు రైతుకు పనికివస్తుంది. నేను అడిగేది పదింట ఒకటి. పది పరిశోధనాంశాల్లో ఒక్కటి ఈ మట్టిది, ఈ నీటిది, ఈ పంటది కావాలి. చెరకు ఒక్కటే అననక్కర లేదు. జాతీయ పసుపు బోర్డుకు 2025లో మన నిజామాబాదే కేంద్రమైంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుందని కుంకుమ చేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ రంగునిచ్చే కర్కుమిన్‌ను 1815లోనే వేరు చేశారు, 1910లో దాని నిర్మాణం తేల్చారు. మన మార్కెట్ యార్డుకు వచ్చే పసుపులో అది ఎంత శాతమో రైతుకు చెప్పే పని మాత్రం మన కోసం ఇంకా మిగిలే ఉంది.

కాబట్టి నా సూచనలు నాలుగే. ఒకటి, గానుగ కాలంలో నెలకొక ఆదివారం ఒక ఊళ్ళో పరీక్షా శిబిరం పెట్టాలి. అక్కడ చేసిన కొలతలను ప్రాక్టికల్ రికార్డులో భాగంగా లెక్కించి మార్కులివ్వాలి. ఆ అంకెలు ఫ్యాక్టరీతో తగాదాకు సాక్ష్యం కావు, ఆ సంగతి రైతుకు ముందే చెప్పాలి. ఎప్పుడు కోయాలో, ఎంత తొందరగా పంపాలో తెలుసుకోవడానికి మాత్రం పనికివస్తాయి. సరాసరి లెక్క గనుక ఒక్కరు తెలుసుకుంటే చాలదు, ఊరంతా తెలుసుకోవాలి. రెండు, ప్రతి పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథానికీ ఒక పుట తెలుగు సారాంశం జతచేయాలి. మూడు, పైన చెప్పిన పదింట ఒకటి. నాలుగు, శక్కర్‌నగర్‌లో పని చేసి రిటైరైన కెమిస్టులు, పాన్‌మన్లు, ల్యాబు కుర్రాళ్ళ మాటలను మన విద్యార్థులు వెళ్ళి రాసుకు రావాలి. ఈ నాలుగో దానికి గడువుంది. ఆ పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. యంత్రాలు తుప్పు పడితే కొత్తవి తేవచ్చు, ఆ చేతుల్లోని తెలివి పోతే తేలేం.

వీటికి కోట్ల గ్రాంటు అక్కర లేదు. ఒక పోలారీమీటరు, నాలుగు చేతి రిఫ్రాక్టోమీటర్లు, ఒక బస్సు, కొంచెం ఓపిక కావాలి. విద్యార్థి సంఘం వారు ఎన్నికలప్పుడు చూపే ఉత్సాహంలో పావు వంతు ఈ పనికి ఇస్తే, వచ్చే నవంబరులోనే మొదటి శిబిరం పెట్టవచ్చు. రైతు అడిగిన ప్రశ్న చిన్నదే: నా చెరుకు తియ్యగున్నదా, లేదా? దానికి జవాబు చెప్పగల పరికరమూ, చెప్పగల మనిషీ మన ప్రయోగశాలలోనే ఉన్నప్పుడు, చెప్పకుండా ఊరుకోవడం న్యాయం కాదు.