అడిగితే చెప్పేది ఒకటి... పొయ్యి దగ్గర జరిగేది ఇంకొకటి!

మొన్నామధ్య కారంపూడిలో మా వీధికి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట. ఏదో సర్వే అట. ఇంటింటికీ వెళ్లి గ్యాస్ ఎలా ఉంది, వాడుతున్నారా లేదా అని అడిగి రాసుకుంటోంది. మా పక్కింటి పిన్ని (వరసకి పిలుపే లెండి, చుట్టరికం ఏమీ లేదు) కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "శుభ్రంగా ఉందమ్మా, గాసు మీదే చేసుకుంటన్నాం" అని చెప్పి, టీ కూడా పెట్టి ఇచ్చింది. ఆ అమ్మాయి సందు మలుపు తిరిగిందో లేదో పిన్ని దొడ్లోకి వెళ్లి, మూడు రాళ్ల మధ్య పత్తి కట్టె విరిచి పెట్టి, అన్నానికి ఎసరు పెట్టింది.

"అదేంటి పిన్నీ, అబద్ధం చెప్పావు?" అన్నాను.

"అబద్ధమేముందే? టీ గాసు మీదేగా కాసింది! అయినా ఇంటికొచ్చిన పిల్లతో బాలేదని ఎట్టా అంటాం?"

నిజమే మరి. మనలో ఎంతమందిమి అడిగినవాళ్లకి ఉన్నదున్నట్టు చెబుతాం? కొత్త సబ్బు ఎలా ఉందంటే "బాగానే ఉంది" అంటాం. ఆ సబ్బు స్నానాల గదిలో అరిగిందా, అంట్ల దగ్గరకు చేరిందా అన్నది చూసినవాళ్లకే తెలుస్తుంది. వస్తువు తయారుచేసేవాళ్లయినా, పథకం పెట్టేవాళ్లయినా ప్రశ్నలు అడిగి వెళ్లిపోవడం కాదు, కాసేపు మన వంటింట్లో కూర్చోవాలని నా వాదన.

ఆ తర్వాత నాలుగైదు రోజులు నేనే పిన్ని వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. కథలు రాసేవాళ్లకి ఈ కూర్చునే జబ్బు ఎలాగూ ఉంటుంది. మిరపకోతలకి పోవాలి కాబట్టి పొద్దున అయిదింటికే ఆమె లేస్తుంది. ఇంటిల్లిపాదికీ వండే పెద్ద తపేలా చిన్న గ్యాస్ పొయ్యి మీద కుదురుగా నిలవదు. జొన్న సంకటి కెలికేటప్పుడు తెడ్డు గట్టిగా తిప్పాలా, పొయ్యి పట్టుతప్పుతుంది. స్నానాలకి నీళ్లు కాగాలి. చేలో పీకిన పత్తి కట్టె, మిరప కట్టె ఊరికే వస్తాయి. బండకేమో ఒక్కసారే డబ్బు తియ్యాలి, కూలి డబ్బులు అలా ఒక్కసారే రావు కదా! అందుకే గ్యాస్ పొయ్యి తుడిచి, గుడ్డ కప్పి ఉంటుంది. కార్తీకంలో వీరుల తిరునాళ్లకి చుట్టాలు దిగితే మాత్రం ఆ గుడ్డ తీస్తుంది. ఇవేవీ ఆ అమ్మాయి కాగితంలో లేవు.

ఇది ఈనాటి సంగతి కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి.రాజు గారు పొగగొట్టం పొయ్యి రూపొందించి, 1953లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకమే వేశారు. తర్వాత 1980ల్లో కేంద్ర ప్రభుత్వం పొగలేని పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో ఆపేసేలోగా దేశమంతా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించింది. అందులో ఒకటి మా అమ్మమ్మ వంటింట్లోనూ వెలిసింది. నాకు అప్పుడు ఆరేడేళ్లు. వారం తిరక్కుండానే అమ్మమ్మ గునపం తీసుకుని దాని మూతి వెడల్పు చేసేసింది! మా కట్టెలు ఆ చిన్న మూతిలో పట్టవు మరి. మూతి పెద్దదయ్యాక పొగ గొట్టంలోకి పోకుండా ఇంట్లోకే వచ్చింది. కట్టినవాళ్లు ఒక్కసారి తిరిగొచ్చి ఆ పగలగొట్టిన మూతిని చూసి ఉంటే, అమ్మమ్మ మాట్లాడకుండానే వాళ్లకి అంతా చెప్పినట్టయ్యేది. ఎవరూ రాలేదు. అమ్మమ్మ దగ్గు ఆమెతోనే పోయింది.

చూసినవాళ్లు లేకపోలేదు. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం అనే చేనేత కుటుంబం అబ్బాయి వాళ్లమ్మ లక్ష్మి గారు ఆసు పోయడం చూస్తూ పెరిగాడు. ఒక్క చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. సాయంత్రానికి భుజం పట్టేసేది. చెయ్యి ఎలా కదులుతోందో చూసి చూసి, ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చదువు చూస్తే ఆరో తరగతి! అన్నట్టు, సుమీత్ మిక్సీ కథ కూడా వంటింట్లోనే మొదలైంది. మాథుర్ గారి భార్య వాడే విదేశీ మిక్సీ మన రుబ్బుడికి ఆగలేక పాడైపోతేనే ఆయన మన పప్పుకీ మసాలాకీ తగిన మోటారు గురించి ఆలోచించాడు.

గ్యాస్ విషయంలో కూడా కొంత చూశారనే అనాలి. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చినప్పుడు డ్వాక్రా మహిళలకి కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. తర్వాత బండలు కొనుక్కోవడం మాత్రం వాళ్ల వంతే. 2016లో ఉజ్వల వచ్చింది. ఒక్కసారే పెద్ద బండకి డబ్బు తియ్యలేరని గ్రహించే కాబోలు, 2018లో వాళ్లకి అయిదు కిలోల చిన్న బండ తీసుకునే వీలిచ్చారు. 2024 నవంబరులో ఇక్కడ దీపం-2 మొదలైంది. నాలుగు నెలలకొకటి చొప్పున ఏడాదికి మూడు బండలు ఉచితం. మంచిదే, కాదనను. కానీ మొదలుపెట్టినప్పుడు ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో వేస్తారు అన్నారు. పిన్నికి అడ్డంపడిందే ఆ ముందు కట్టే డబ్బు! పైగా ఆమె ఇంకో లెక్క వేసుకుంది. నాలుగు నెలలకొకటి ఇస్తున్నారంటే నాలుగు నెలలూ దాన్నే లాగాలన్నమాట. అందుకని టీ దాటి ముందుకు పోదు. ఎన్ని బండలు ఇచ్చారో లెక్క దొరుకుతుంది గానీ, పిన్ని ఎన్ని పూటలు పొగలో కూర్చుందో ఏ లెక్కలోనూ ఉండదు.

ఆ సర్వే అమ్మాయి మళ్లీ వస్తే పొద్దున అయిదింటికి రమ్మంటాను, దొడ్లో పీట వేస్తాను అని చెప్పాను పిన్నితో. ఊదుగొట్టం పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది:

"రమ్మనవే. కాకపోతే తెల్లచీర కట్టుకు రావొద్దని చెప్పు."